ముదిమి ఏల వచ్చును?

బిట్రగుంట అనగానే రైల్వే కుటుంబముల పెద్దలకు మొదట స్ఫురించునది ఆవిరి ఇంజనుల షెడ్డు. మద్రాసు–విజయవాడ మార్గమున నడచి అలసిన ఇంజను అచ్చటికి చేరెడిది. బూడిద దులిపి, బాయిలరు కడిగి, అరిగిన భాగములు మార్చి మరల పట్టాలపైకి పంపెడివారు. మన దేహమును అట్లే తన్ను తాను బాగుచేసికొనును గదా! తెగిన చర్మము అతుకుకొనును, విరిగిన ఎముక కూడుకొనును. మరి అట్టి దేహము ముదిమి పాలగుట ఏల?

పాత తరము తొలగి క్రొత్త తరమునకు చోటిచ్చుటకే ముదిమి ఏర్పడినదని పందొమ్మిదవ శతాబ్ది చివర జర్మను శాస్త్రజ్ఞుడు వైస్మన్ ఊహించెను. ఆ ఊహ నిలువలేదు. ప్రకృతిలో పెక్కు ప్రాణులు ముదియకముందే ఆకలికో, వ్యాధికో, శత్రువులకో బలియగును. కావున ముసలితనమున మాత్రమే కీడు చేయు లక్షణములను ప్రకృతి ఏరివేయజాలదని 1952లో అచ్చయిన ఉపన్యాసమున ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మెడావర్ వివరించెను. 1977లో కర్క్‌వుడ్ మరియొక మెట్టు ఎక్కెను. మరమ్మతునకు శక్తి కావలెను, సంతానమునకును కావలెను. ఇంటి జమాఖర్చువలె ఒకచోట పెంచినచో వేరొకచోట తగ్గింపక తప్పదు. అందుచే దేహము మరమ్మతును కొంతవరకే సాగించును.

ఆ శక్తి ఏది? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కేతో కలసి 1929లో కండరములయందు గుర్తించిన ఏ.టి.పి. యే కణములకు చేతిరొక్కము. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను.

మానవ కణములు గాజుపాత్రలలో సుమారు 50 పర్యాయములు విభజనమొంది ఆగిపోవునని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్‌లు చూపిరి. క్రోమోజోముల కొనలనున్న టెలోమియర్లు విభజన విభజనకు కురుచయగుట అందులకు కారణమని పిదప తేలెను. ఆ కొనల రక్షణను గూర్చిన పరిశోధనకే 2009లో నోబెల్ బహుమానము లభించినది. మన హైదరాబాదు విశ్వవిద్యాలయమున కల్లూరి సుబ్బారావుగారును, సహచరులును ముదిసిన ఎలుకల మెదడు కణములలో డి.ఎన్.ఏ. మరమ్మతు మందగించుటను పరిశీలించిరి. తగిన ఎంజైములను చేర్చినచో, ఆ కణముల సారమున మరమ్మతు మరల పుంజుకొనుటను 2005 ప్రాంతమున చూపిరి.

బిట్రగుంటలో ఆవిరి ఇంజనుల కాలము ముగిసినది పనివారి నేర్పు తరిగి కాదు. డీజిలు, విద్యుత్తు ఇంజనులు వచ్చి వ్యయము అటు మరలుటచే. ముదిమి కథయు ఇంచుమించు ఇట్టిదే.

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశమున సగటు ఆయువు సుమారు 32 ఏండ్లు. నేడు సుమారు 70. ముదిమిని ఆపి కాదు, అకాలమరణములను ఆపి దీనిని సాధించితిమి. కావున ఇంటిలోని పెద్దలకు చూపు మందగించినను, ఆయాసము కలిగినను "వయసు మీదపడినది" అని ఊరకుండరాదు. కంటిపొరకు, రక్తపోటునకు చికిత్స కలదు. ముదిమి వేరు, వ్యాధి వేరు. ఈ భేదమును గుర్తించుటయే శాస్త్రము మనకు చేసిన మేలు.