పెళ్లికి ముగ్గురు సాక్షులు: తెనాలి ప్రాంతంలో వివాహ నమోదు కథ

తెనాలి, దుగ్గిరాల, రేపల్లె, బాపట్ల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకునే జంట వెంట ముగ్గురు సాక్షులు ఉండాలి. ఆ ముగ్గురూ ఏ కులం వారు, ఏ మతం వారు, ఏ దేశ పౌరులు అని చట్టం అడగదు. ఈ ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. దాని వెనుక దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

పాత పద్ధతిలో పెళ్లికి అగ్ని సాక్షి, ఊరు సాక్షి. లగ్నపత్రిక రాయించిన పురోహితుడు, మాటలు కుదిర్చిన పెద్దమనుషులు, పందిట్లో కూర్చున్న బంధువులు, చదివింపులు రాసుకున్న పుస్తకం ఉంటే చాలు. ఆస్తి తగాదా వచ్చినప్పుడు ‘ఆ పెళ్లికి నేనున్నాను’ అని చెప్పేవాళ్లకు కొదవ ఉండేది కాదు. చిక్కంతా ఊరు ఒప్పుకోని పెళ్లికే వచ్చింది. కులం దాటి చేసుకున్నవారికీ, మతకర్మ వద్దనుకున్నవారికీ పందిరి లేదు, పెద్దలు రారు. అలాంటి జంట తరఫున రేపు కోర్టులో నిలబడి మాట్లాడేది ఎవరు? నమోదు చట్టాల్లో సాక్షికి దక్కిన ప్రాధాన్యం ఈ ప్రశ్నలోంచే పుట్టింది.

1872లో ఒకే ఏడాది మూడు చట్టాలు వచ్చాయి. సాక్ష్య చట్టం, ప్రత్యేక వివాహ చట్టం, క్రైస్తవ వివాహ చట్టం. ఈ ప్రాంతంలో వాటిలో ముందుగా ఎక్కువమందికి పనికొచ్చింది క్రైస్తవ వివాహ చట్టమే. 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరు చేరాడు. ఆయన తర్వాత వచ్చినవారి కృషితో తెనాలి, రేపల్లె వైపు పల్లెల్లోనూ సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. భారతీయ క్రైస్తవుల కోసం ఆ చట్టం పెట్టిన ఒక పద్ధతి ప్రకారం, లైసెన్సు ఉన్న వ్యక్తి ఎదుట, ఆయన కాక కనీసం ఇద్దరు నమ్మదగిన సాక్షుల ఎదుట పెళ్లి జరగాలి. వధూవరులు ముందుగా అక్కడున్నవారిని సాక్ష్యానికి పిలిచి, ఆ తర్వాతే ఒకరినొకరు స్వీకరిస్తున్నట్టు పలకాలి. సాక్షిని పిలిచే హక్కు పెళ్లి చేసుకునేవారి నోటికే ఇవ్వడం ఆ చట్టంలో గొప్ప సంగతి. సాక్షికి ఉండవలసిన అర్హత ‘నమ్మదగినవాడు’ అన్న ఒక్క మాటే. విదేశీ మిషనరీ సంతకమైనా, పొలం పనికి పోయే మనిషి వేలిముద్రైనా ఆ రిజిస్టర్లో ఒకే విలువ.

బ్రహ్మసమాజం కోరిక మీద, ముఖ్యంగా కేశవచంద్ర సేన్ పట్టుదల వల్ల వచ్చిన 1872 ప్రత్యేక వివాహ చట్టం అంత ఉదారమైంది కాదు. తాము హిందువులం కాదు, ముస్లింలం కాదు, క్రైస్తవులం కాదు అంటూ మతాలన్నిటినీ కాదని జంట ప్రకటించాలి. ఆ ప్రకటన మీద ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. ముగ్గురు అన్న లెక్క అప్పుడు మొదలై ఇప్పటికీ మారలేదు. 1923 సవరణతో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమ మతం వదలకుండానే ఈ చట్టం కింద పెళ్లాడే వీలు కలిగింది. అయితే ఉమ్మడి కుటుంబంతో తెగతెంపులు జరిగినట్టే లెక్క. భూమే సర్వస్వంగా ఉన్న కృష్ణా డెల్టా రైతు ఇళ్లలో ఆ షరతు ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ గడ్డ మీద పెళ్లి సంస్కరణ చట్టం దారిలో కాక మరో దారిలో నడిచింది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో స్థిరపడిన ‘కవిరాజు’ త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పెళ్లితంతును తెలుగులోకి తెచ్చి ‘వివాహవిధి’ రాశారు. స్వయంగా పెళ్లిళ్లు చేయించారు. పెళ్లి చేసుకునేవారికీ, చూసేవారికీ ఏం జరుగుతోందో అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. మాటలు తెలియకుండా అక్షింతలు వేసే మనిషి ఏ విషయానికి సాక్షి అవుతాడు? కవిరాజు లేవదీసిన ఈ వాదం తర్వాతి చట్టాలకు చాలా దగ్గరగా ఉంది. హేతువాదులు, కమ్యూనిస్టులు ఇంకో అడుగు ముందుకేసి దండల పెళ్లిళ్లు చేశారు. పసుపుకు పేరుపడ్డ దుగ్గిరాల పరిసరాల్లో పసుపుతాడే లేని పెళ్లిళ్లు జరిగాయి. రెండు దండలు, రెండు ఉపన్యాసాలు, సభకు వచ్చిన జనమే సాక్షులు.

ఆ పెళ్లిళ్లు కోర్టులో నిలుస్తాయా అన్న అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఆచారంలో ఉన్న తంతు జరగలేదన్న కారణంతో పురోహితుడు లేకుండా జరిగే తమిళ స్వాభిమాన వివాహం చెల్లదని 1953లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఎ సెక్షన్ చేర్చి, బంధువులో స్నేహితులో మరెవరో ఎదుట దండలు మార్చుకున్నా పెళ్లేనని ఒప్పుకుంది. అంతకు ముందు జరిగిన పెళ్లిళ్లకూ రక్షణ ఇచ్చింది. ఆంధ్రలో అలాంటి సెక్షన్ రాలేదు. కవిరాజు తిరిగిన నేలకు ఆ చట్టం దక్కకపోవడం లోటే. దండల పెళ్లి చేసుకున్న జంటలకు భద్రమైన దారి ఒక్కటే మిగిలింది, రిజిస్టర్ పెళ్లి.

1955 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 1954 ప్రత్యేక వివాహ చట్టం మతాన్ని కాదనే షరతును ఎత్తేసింది. జంటలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ఆఫీసులో అంటించాక అభ్యంతరాలకు మరో 30 రోజుల గడువు. ఆ తర్వాత జంట, ముగ్గురు సాక్షులు ప్రకటన మీద సంతకాలు చేస్తారు. వివాహాధికారి, సాక్షుల ఎదుట వధూవరులు తమకు తెలిసిన ఏ భాషలోనైనా ఒకరినొకరు స్వీకరిస్తున్నామని పలికితేనే పెళ్లి పూర్తవుతుంది. చివరగా ధ్రువపత్రం మీద మళ్లీ ఆ ముగ్గురి సంతకాలు. ఆ పత్రం పెళ్లి జరిగిందనడానికీ, సాక్షుల సంతకాల నియమం సక్రమంగా పాటించారనడానికీ తిరుగులేని రుజువు. ఇంట్లో ఒప్పుకోని జంటకు ఆ నెల రోజుల నోటీసు కత్తి మీద సామే. ముగ్గురు సాక్షుల నియమం మాత్రం వారికి రక్ష. బంధుబలగం లేనివారికి ఆ ముగ్గురే ఊరు.

హిందూ వివాహ చట్టం (1955) దారి వేరు. అక్కడ పెళ్లిని నిలిపేది తంతు, నమోదు కాదు. నమోదు చేయించకపోయినా పెళ్లి చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ 2002లో అన్ని మతాలవారికీ నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2006లో సీమ కేసులో సుప్రీంకోర్టు దేశమంతటా నమోదు తప్పనిసరి చేయాలని ఆదేశించినప్పుడు, అప్పటికే అలాంటి చట్టాలున్న కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2024 ఏప్రిల్‌లో మరో కేసులో అదే కోర్టు, తంతు జరగని హిందూ పెళ్లిని ధ్రువపత్రం ఒక్కటే నిలబెట్టలేదని స్పష్టం చేసింది. థాయిలాండ్‌లో ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ ఇద్దరు సాక్షులతో జరిగే నమోదే పెళ్లి. ఎంత వైభవంగా వేడుక చేసినా నమోదు లేకపోతే చట్టం దృష్టిలో పెళ్లి కానట్టే.

విదేశీ సాక్షి ప్రశ్న ఈ ప్రాంతానికి వలసలతో వచ్చింది. డాక్టర్లుగా, తర్వాత కంప్యూటర్ ఇంజనీర్లుగా అమెరికా వెళ్లినవారిలో చాలామంది అక్కడి పౌరులయ్యారు. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి 2005 నుంచి ఇస్తున్న ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. కాబట్టి చెల్లెలి పెళ్లికి తెనాలి వచ్చిన సొంత అన్న కూడా చట్టం దృష్టిలో విదేశీయుడే. అయినా అతని సంతకానికి అడ్డు లేదు. 1954 చట్టం ‘ముగ్గురు సాక్షులు’ అంటుందే తప్ప భారతీయులని అనదు. ప్రశ్నను అర్థం చేసుకుని జవాబివ్వగల ఎవరైనా సాక్ష్యానికి అర్హులేనన్నది 1872 సాక్ష్య చట్టం నాటి సూత్రం. పలికే మాటలు తెలియవలసింది వధూవరులకు. సాక్షికి ఆ భాష రావాలని చట్టంలో ఎక్కడా లేదు. తెలుగు రాని విదేశీ స్నేహితుడు సాక్షిగా ఉన్నా పెళ్లి చెల్లుతుంది. కానీ రేపు కోర్టు పిలిస్తే ఏం విన్నాడో చెప్పలేడు. అందుకే తెలుగు తెలిసినవారు, పిలిస్తే రాగలిగినవారు ఇద్దరైనా ఆ ముగ్గురిలో ఉండడం మంచిది. గుర్తింపుకు విదేశీయుడి చేతిలో ఉండేది పాస్‌పోర్టే.

పెళ్లి విదేశంలో జరిగితే 1969 విదేశీ వివాహ చట్టం ఉంది. జంటలో ఒకరైనా భారత పౌరులైతే అక్కడి భారత రాయబార కార్యాలయంలోని వివాహాధికారి ఎదుట పెళ్లి చేసుకోవచ్చు. అక్కడా ముగ్గురు సాక్షులే కావాలి, అక్కడా వారి పౌరసత్వం గురించి షరతు లేదు.