కోటప్పకొండకి ఎప్పుడు వెళ్ళాలి? ఆ తేదీ వెనక 800 ఏళ్ళ కథ

నేపాల్ వెళ్ళడానికి బెస్ట్ టైమ్ ఏంటి అని ఫోన్‌లో అడిగితే ఒక్క సెకనులో జవాబొస్తుంది. అక్టోబర్, నవంబర్. వానలు ఆగుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది, మంచు కొండలు కనిపిస్తాయి. కానీ ఎవరెస్ట్ ఎక్కేవాళ్ళని అడగండి, మే అంటారు. 1953లో హిల్లరీ, టెన్జింగ్ శిఖరం మీద నిలబడింది మే 29న. రుతుపవనాలు రాకముందు పైన గాలి కాస్త నెమ్మదించేది ఆ కొద్ది రోజులే. కొండలు అవే. చూసేవాళ్ళకి ఒక సీజన్, ఎక్కేవాళ్ళకి ఇంకో సీజన్.

ఇప్పుడు అదే ప్రశ్న మన పల్నాడులో అడుగుదాం. నరసరావుపేట నుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు కూడా లేని కోటప్పకొండకి ఎప్పుడు వెళ్ళాలి? ఫోన్ చెప్పేది మామూలే: అక్టోబర్ నుంచి ఫిబ్రవరి, వీకెండ్ వద్దు, పండగ రోజు అసలే వద్దు, రష్ ఎక్కువ. కానీ కొన్ని వందల ఏళ్ళుగా ఇక్కడి జనం సరిగ్గా ఆ రష్ రోజునే వెళ్తున్నారు. ఎందుకు? ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క ప్రశ్న మీదే.

కొండ ఏంటి, ఎంత పాతది

ఈ కొండకి ఇంకో పేరు త్రికూట పర్వతం. బ్రహ్మ, విష్ణు, రుద్ర అని మూడు శిఖరాలు. ఏ వైపు నుంచి చూసినా మూడూ కనిపిస్తాయని ఇక్కడివాళ్ళు చెప్తారు. స్వామి పేరు త్రికోటేశ్వరుడు. జనానికి మాత్రం కోటయ్య. మీ క్లాసులో ఒక కోటేశ్వరరావు, మీ వీధిలో ఒక కోటేశ్వరమ్మ, మీ తాతల్లో ఒక కోటయ్య ఉన్నారంటే, ఆ పేరు చాలావరకు ఈ కొండ మీద నుంచి దిగొచ్చిందే.

గుడి ఎప్పుడు కట్టారో తేదీ లేదు. కానీ 1172 నాటికే ఉంది. వెలనాటి చోడుల కాలపు శాసనాలు ఆ మాట చెప్తున్నాయి. పల్నాటి యుద్ధం జరిగిందని చెప్పే కాలం కూడా దాదాపు అదే. అంటే బ్రహ్మనాయుడు, నాగమ్మ కథలు నడిచిన రోజుల్లోనే ఇక్కడ దీపం వెలుగుతోంది. తర్వాత రోజుల్లో నరసరావుపేట జమీందార్లు, మల్రాజు వంశం వాళ్ళు, ఈ గుడికి అండగా నిలిచారు. నరసరావుపేట అన్న పేరు కూడా ఆ వంశంలోని మల్రాజు నరసారావు పేరు మీద వచ్చిందే. అంతకుముందు ఆ ఊరు అట్లూరు.

పైన రుద్ర శిఖరం మీద పాత కోటయ్య గుడి ఉంది. ఇప్పుడు మనం దర్శనానికి వెళ్ళేది బ్రహ్మ శిఖరం మీద ఉన్న గుడికి. స్వామి ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి ఎందుకు వచ్చాడు అంటే గొల్లభామ కథ చెప్తారు. ఆనందవల్లి అనే భక్తురాలు రోజూ ఆ కొండెక్కి స్వామికి సేవ చేసేది. ఒంట్లో ఓపిక తగ్గాక, ఇక నేను ఎక్కలేను, నువ్వే దిగి రా అని అడిగింది. నీ వెనకే వస్తాను, తిరిగి చూడకు అన్నాడట. దారిలో పెద్ద చప్పుడు వినపడి ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయాడు. అదే బ్రహ్మ శిఖరం.

కథని కథగానే వినండి. కానీ ఇందులో ఒక విషయం గమనించారా? కొండెక్కడం కష్టం అన్న మాట ఈ కథ నడిబొడ్డున ఉంది. ఘాట్ రోడ్డు లేదు, బస్సు లేదు, పైన నీళ్ళు దొరకడం గగనం. అలాంటి కొండకి ఎప్పుడు వెళ్ళాలి అన్నది అప్పట్లో టూరిజం ప్రశ్న కాదు. ఒంటికి సంబంధించిన ప్రశ్న.

ఆ తేదీ ఎవరు పెట్టారు?

శివరాత్రి అంటే మాఘ బహుళ చతుర్దశి. చాంద్రమానం లెక్క కాబట్టి మన ఇంగ్లిష్ క్యాలెండర్‌లో కదులుతూ ఉంటుంది. 2024లో మార్చి 8, 2025లో ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15. ఎంత కదిలినా చలి పోయి ఎండ ముదరని ఆ సందులోనే పడుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు కదా, అది వాతావరణ రిపోర్టే.

పల్నాడులో ఆ సందు ఎంత ముఖ్యమో ఆలోచించండి. రాష్ట్రంలో ఎండ అనగానే గుర్తొచ్చే రెంటచింతల ఈ జిల్లాలోదే. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు కూడా దాటుతుంది. రాతి కొండ పొద్దున తొమ్మిదికే పెనంలా కాలుతుంది. జూన్ తర్వాత ఎవరూ పొలం వదిలి రారు. అక్టోబర్, నవంబర్‌లో తుఫాను ముసుర్లు.

ఇంకో కారణం పంట. నాగార్జునసాగర్ రాకముందు ఇది మెట్ట దేశం. జొన్న తిండి, నీటి కరువు చూసి శ్రీనాథుడు పల్నాటిని పద్యాల్లో ఎగతాళి చేశాడన్న సంగతి మీరు వినే ఉంటారు. అలాంటి చోట వానాకాలం పంట ఇంటికి చేరి, చలికాలం పైరు కూడా ఒక కొలిక్కి వచ్చేది దాదాపు ఈ రోజుల్లోనే. గాదెలో గింజ ఉంటుంది. చేతిలో నాలుగు డబ్బులుంటాయి. ఎద్దులకి కాస్త ఖాళీ దొరుకుతుంది. బండి కట్టడానికి అంతకంటే మంచి టైమ్ లేదు.

శివరాత్రి తేదీ పల్నాడు రైతు పెట్టింది కాదు, నిజమే. అది దేశమంతా ఒకటే. కానీ ఏడాదిలో ఉన్న ఇన్ని పండగల్లో ఈ కొండకి ఇదే అసలు తిరునాళ్ళ ఎందుకైందో ఆ గాదె, ఆ ఎద్దులు, ఆ ఎండ చెప్తాయి.

ఇక్కడ భక్తులు పిలిచే పిలుపు ఒకటుంది: చేదుకో కోటయ్యా! చేదడం అంటే బావిలోంచి నీళ్ళు పైకి లాగడం. లోతు బావుల దేశంలో రోజూ తాడు పట్టుకుని చేదిన చేతులు, నన్ను కూడా అలా పైకి లాక్కో స్వామీ అని అడుగుతున్నాయి. నాకైతే పల్నాడు మొత్తం ఆ ఒక్క మాటలో వినిపిస్తుంది.

ప్రభలు: చీకటి రాత్రి వెలుగు

కోటప్పకొండ తిరునాళ్ళంటే ప్రభలే. వెదురు, కలప కలిపి నిలువుగా కట్టిన పెద్ద చట్రం. దానికి రంగు గుడ్డలు, రంగు కాగితాలు, ఇప్పుడైతే వేల బల్బులు. పెద్దవి 80, 90 అడుగులు కూడా ఉంటాయి. ఏ ఊరి ప్రభ ఆ ఊరిది. వారాల ముందే పని మొదలవుతుంది. ఒకప్పుడు ఎద్దులు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. ప్రభ కదిలే దారిలో కరెంటు తీగలు అడ్డం వస్తే సరఫరా ఆపి మరీ పంపాలి.

ఇంకో సంగతి. ఇక్కడ స్వామిని దక్షిణామూర్తిగా, బ్రహ్మచారిగా కొలుస్తారు. అందుకే చాలా శివాలయాల్లో జరిగేలా ఇక్కడ కల్యాణం జరగదు, ధ్వజస్తంభం కూడా లేదు. పండగ వైభవమంతా కొండ కింద, ఊళ్ళు మోసుకొచ్చిన ప్రభల్లో కనిపిస్తుంది. పైన నిశ్శబ్దంగా కూర్చున్న గురువు, కింద ఊళ్ళకి ఊళ్ళే కదిలొచ్చిన హోరు.

చతుర్దశి అంటే అమావాస్యకి ముందు రోజు. చంద్రుడు దాదాపు ఉండడు. ఆ చీకట్లో వెలిగే ప్రభ మైళ్ళ దూరం నుంచి కనిపిస్తుంది. పౌర్ణమి రోజు ఇదే ప్రభ పెడితే ఆ అందం సగం పోతుంది.

1909: రష్ అంటే ప్రభుత్వానికి భయం

అసలు విషయానికి వద్దాం. ఊళ్ళకి ఊళ్ళు, డబ్బు, పశువులు, యువకులు, అందరూ ఒకే రోజు ఒకే చోట. బ్రిటిష్ ప్రభుత్వానికి ఇలాంటి తిరునాళ్ళు అంటే రెండు భయాలు. ఒకటి కలరా, రెండు గొడవలు.

టైమ్ కూడా చూడండి. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రలో తిరిగి వందేమాతరం ఉపన్యాసాలు ఇచ్చి వెళ్ళాడు. గుంటూరు జిల్లా ఏర్పడి అప్పటికి అయిదేళ్ళు కూడా కాలేదు. 1909 ఫిబ్రవరి 18, శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళలో పోలీసులకీ జనానికీ గొడవ మొదలైంది. పోలీసులు కాల్పులు జరిపారు. జనం పోలీసుల పాకకి నిప్పు పెట్టారు. ప్రాణాలు పోయాయి. చిన్నపరెడ్డి అనే రైతుని ముఖ్య ముద్దాయిగా చూపించి కేసు నడిపారు. గుంటూరు సెషన్స్ కోర్టు వేసిన శిక్షని మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. ఆయన్ని ఉరి తీశారు.

ప్రభుత్వ కాగితాల్లో ఇది కోటప్పకొండ దొమ్మీ. జనం నోట్లో మాత్రం ఇది చిన్నపరెడ్డి పాట. ఊరూరా పాడుకున్నారు. ఒకే రోజు, ఒకే సంఘటన. ఒక ఫైల్లో అల్లరి మూక, ఒక పాటలో వీరుడు.

ఇదంతా శివరాత్రి నాడే ఎందుకు జరిగింది? నేను చూసిన కోణం ఇది. పంట ఇంటికొచ్చే రోజులే పండగ రోజులు. అవే శిస్తు వసూళ్ళ రోజులు కూడా. రైతు చేతిలో ఏదో ఒకటి ఉన్నప్పుడే సర్కారు గుమ్మం తొక్కుతుంది. 1922 ఫిబ్రవరిలో పుల్లరి కట్టమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతుని మించాలపాడులో కాల్చి చంపిందీ ఇదే సీజన్‌లో. పల్నాడులో ఫిబ్రవరి అంటే తిరునాళ్ళ నెల. పేచీల నెల కూడా.

ఇంకో పక్క చూడండి. అదే రోజుల్లో ఇంగ్లిష్ వాళ్ళ కోసం అచ్చేసిన మర్రే హ్యాండ్‌బుక్‌లు ఇండియా చూడాలంటే నవంబర్ నుంచి మార్చి దాకా రండి అని చెప్పేవి. చలి దేశం మనిషికి ఏది హాయి అన్నదే ఆ లెక్క. మన ఫోన్లో ఇవాళ కనిపించే 'అక్టోబర్ టు ఫిబ్రవరి, రష్ వద్దు' జవాబు కూడా ఆ లెక్కకి దగ్గర చుట్టమే. అందులో ఎండ ఉంది, వాన ఉంది. జనం మాత్రం ఇబ్బంది కింద లెక్క.

సాగర్ నీళ్ళు, మారిన క్యాలెండర్

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ పల్నాడు మీదుగా వచ్చింది. వరి, పత్తి, మిర్చి వచ్చాయి. ఇవాళ శివరాత్రి నాటికి మిర్చి కోతలు మంచి జోరు మీద ఉంటాయి, గుంటూరు యార్డులో బస్తాలు గుట్టలు పడుతుంటాయి. అంటే ఒకప్పటి ఆ ఖాళీ సమయం ఇప్పుడు ఖాళీ కాదు. అయినా ప్రభ ఆగలేదు. కూలీలు దొరకని రోజుల్లో, కాయ కోయాల్సిన రోజుల్లో కూడా ఊరు పని ఆపి ప్రభ కడుతోంది. పుట్టిన కారణం పోయాక కూడా పండగ బతికే ఉంది.

ఘాట్ రోడ్డు వచ్చాక కొండ ఎక్కడం కూడా కష్టం కాదు. ఇక ఏ నెలైనా వెళ్ళొచ్చు.

మరి ఎప్పుడు వెళ్ళాలి?

ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని బట్టి చెప్తా.

కొండని చూడాలంటే డిసెంబర్, జనవరి. మామూలు వారంలో, తెల్లవారుజామున, మెట్ల దారిలో ఎక్కండి. మూడు శిఖరాలూ తీరిగ్గా చూడొచ్చు. కాకులు ఈ కొండ మీద వాలవని అంటారు, అది మీరే పైకి చూసి తేల్చుకోండి.

పల్నాడు చరిత్ర మొత్తం ఒక ట్రిప్‌లో కావాలంటే కార్తీకం చివర. సోమవారం నాడు ఇక్కడ దీపాలు చూసి, కార్తీక అమావాస్యకి కారంపూడి వెళ్ళండి, పల్నాటి వీరుల ఉత్సవాలు అప్పుడే మొదలవుతాయి.

ఏప్రిల్, మే వద్దు. తప్పదంటే పొద్దున ఎనిమిదిలోపు దిగిపోండి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే అసలే వద్దు.

కోటప్పకొండని కోటప్పకొండగా చూడాలంటే మాత్రం శివరాత్రి. రష్ ఉంటుంది. సొంత కారు వద్దు, నరసరావుపేట నుంచి, చిలకలూరిపేట నుంచి వేసే ఆర్టీసీ స్పెషల్ బస్సులు ఎక్కండి. ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి, సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి, తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. ప్రభ కదిలేటప్పుడు దాని ముందు నిలబడి సెల్ఫీ వద్దు, అన్ని అడుగుల ఎత్తున్నది ఊగితే పక్కకి జరిగే చోటుండదు. చిన్నపిల్లలతో అయితే పగలు దర్శనం చేసుకుని, రాత్రి ప్రభల్ని దూరం నుంచి చూడండి. దూరం నుంచే బాగుంటాయి కూడా.

ఆ రోజు మీకు అడ్డంగా నిలబడే జనమే ఈ కొండ చరిత్రలో సగం. శాసనాలు వేయించింది రాజులు, అండగా నిలిచింది జమీందార్లు. కానీ ఈ కొండ పేరు ఇన్నేళ్ళు నిలబెట్టింది మాత్రం ఎద్దుల బండ్ల మీద, కాలినడకన వచ్చినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

అందుకే ఒక పని చేయండి. మీ ఇంట్లో పల్నాడు పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి: మన ఊరి ప్రభ ఎప్పటి నుంచి కడుతున్నారు, ఎవరు కట్టేవాళ్ళు, మొదటిసారి బల్బులు ఎప్పుడు పెట్టారు? ఫోన్‌లో రికార్డ్ చేయండి. చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఎన్నేళ్ళు ఉంటారో తెలీదు. మీ ఊరి పేరు, ఆ కథ కామెంట్స్‌లో పెట్టండి. వచ్చే శివరాత్రికి ముందు వాటన్నిటితో ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను.