బుర్లార్
స్పానిష్ క్రియ. కాపలాదారును, చట్టాన్ని, దిగ్బంధాన్ని 'బుర్లార్' చేయడమంటే కళ్లుగప్పి తప్పించుకోవడం. ఇంగ్లీషులో ఇవేడ్, డాడ్జ్, సందర్భాన్ని బట్టి అవుట్‌విట్. 'బుర్లార్సే దే' అయితే అర్థం ఎగతాళికి మళ్లుతుంది: మాక్, మేక్ ఫన్ ఆఫ్. హనుమకొండలోని సుబేదారి వైపు మాటలో ఇది ఎక్కిరించుడు. మొదటిది బురిడీ కొట్టించుడు. తెలుగులో రెండింటికీ వేర్వేరు మాటలున్నా, తెనాలి రామకృష్ణుని కథల్లో అవి తరచూ ఒకే పనిగా జరుగుతాయి.

నామవాచకం 'బుర్లా' అంటే హేళన, బూటకం. టిర్సో దె మొలీనాదిగా చెప్పే, డాన్ జువాన్‌ను రంగస్థలానికెక్కించిన పదిహేడో శతాబ్దపు నాటకం 'ఎల్ బుర్లదోర్ దె సెవీయా'. ఈ 'బుర్లదోర్'ను ఇంగ్లీషు అనువాదకులు ట్రిక్‌స్టర్ అన్నారు. నిజానికి అతడు స్త్రీలను వంచించేవాడు. అందుకు ట్రిక్‌స్టర్ అన్న మాట కొంత మెత్తనిదే.