పాలమూరు సీమ రైలుబాట కావలివారు

గద్వాల, వనపర్తి సంస్థానములు విద్వత్పోషణచేఁ బ్రఖ్యాతములు. వాని కవుల పేరులు కావ్యములందు నిలిచినవి. ఆ సీమల రైలుబాటను గాచిన కూలివారి పేరు లెందును గానరావు.

సికిందరాబాదునుండి గద్వాలవైపు నైజాము రైల్వే మీటరుగేజి మార్గము 20వ శతాబ్ది పూర్వార్ధమున వెలసెను. నాగర్‌కర్నూలున కది చేరలేదు. వనపర్తికిఁ బట్టణమునకు దూరముగా 'వనపర్తి రోడ్డు' స్టేషను దక్కెను. 1930లో రైల్వే కంపెనీచేతినుండి నైజాము ప్రభుత్వమునకును, 1951లో సెంట్రల్ రైల్వేకును జేరెను. ఏలికలు మాఱినను బాటపని మాఱలేదు.

మేస్త్రీ యాజ్ఞపైఁ బట్టాలక్రింద కంకర కూరి సమము చేయుట గ్యాంగుమనుల పని. కీమాను తన హద్దంతయుఁ గాలినడకను దిరిగి, సడలిన బిగింపులను సరిచేయును. వానరాత్రులందు లాంతరు చేఁబూని బాటను గాచుట మిక్కిలి కష్టము.

1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబునగరముల నడుమ బండిక్రింద వంతెన కూలి నూఱుమందికిఁ బైగా మరణించిరి. రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా నొసఁగెను; ప్రధాని నెహ్రూ యంగీకరింపలేదు. మంత్రి ధర్మనిష్ఠను చరిత్ర మఱువలేదు, అది యుచితమే. వంతెన నిలిచిననాఁడు మాత్రము దాని కావలివాని నెవరును దలఁపరు. బండ్లు క్షేమముగా గమ్యము చేరిన వేలరాత్రులే వాని చరిత్రము.