కొండ మీద ఆగిపోయిన ఊరు: శాన్ జిమిన్యానో

ఈ ఎపిసోడ్‌లో ఇటలీలోని టస్కనీకి వెళ్దాం. ద్రాక్షతోటల మధ్య ఒక కొండ, దాని మీద శాన్ జిమిన్యానో అనే రాతి ఊరు. కొండ ఎక్కుతుంటే నాకు ఇళ్ల కంటే ముందు బురుజులే కనిపించాయి. ఒకప్పుడు 72 ఉండేవంటారు, ఇప్పుడు 14 దాకా మిగిలాయి.

అంత చిన్న ఊరికి అన్ని బురుజులెందుకు? రోమ్‌కి నడిచి వెళ్లే యాత్రికుల దారి ఈ ఊరి మీదుగానే పోయేది. దానికి తోడు కుంకుమపువ్వు వ్యాపారం, వెర్నాచా అనే తెల్ల వైన్. డబ్బొచ్చింది, డబ్బుతో పాటే పంతమూ వచ్చింది. నీ బురుజు ఎత్తా, నాదా అని పెద్ద కుటుంబాలు పోటీపడి కట్టాయి. చివరికి ఇంత కంటే ఎత్తు కట్టకూడదని ఊరే హద్దు పెట్టాల్సి వచ్చింది.

అంతలో 1348లో ప్లేగు వచ్చి ఊరిని ఊడ్చేసింది. 1353లో ఊరు ఫ్లోరెన్స్ చేతికిందకి వెళ్లిపోయింది. యాత్రికుల దారి కూడా పక్కకి జరిగింది.

అసలు విషయం ఇక్కడే ఉంది. డబ్బున్న ఫ్లోరెన్స్ తన పాత బురుజుల్ని చాలావరకు కూల్చి, కుదించి, కొత్త భవనాలు కట్టుకుంది. శాన్ జిమిన్యానోకి ఆ స్తోమత లేదు. అందుకే పాతవి అలాగే నిలబడ్డాయి. 1990లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

54 మీటర్ల తోర్రె గ్రోస్సా పైనుంచి ఫోటో అద్భుతంగా వస్తుంది, తప్పకుండా తీసుకోండి. కాకపోతే ఆ ఫ్రేమ్‌లో పడేది వైభవం ఒక్కటే కాదు, కొన్ని వందల ఏళ్ల పేదరికం కూడా.