ఇన్సులిను: సూదినుండి పంపువరకు

1922 జనవరి 11వ తేదీన టొరంటో జనరల్ ఆసుపత్రియందు, మధుమేహముచే శల్యావశిష్టుడై మృత్యుముఖమున నున్న లియొనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు, పరిశోధకులైన బాంటింగు, బెస్టులు పశువుల క్లోమమునుండి తీసిన ఇన్సులిను రసమును వైద్యులు తొలిసారి సూదితో ఎక్కించిరి. ఆ యత్నము ఫలింపలేదు. రసాయనవేత్త కాలిప్ దానిని శుద్ధిచేసి యిచ్చిన పిమ్మట, అదే నెల 23వ తేదీన మరల ఎక్కింపగా, రక్తములోని చక్కెర దిగివచ్చి బాలుడు తేరుకొనెను. నాటినుండి సూది మధుమేహరోగుల యిండ్లలో నిత్యకృత్యమయ్యెను.

గాజు పిచికారిని నీట మరిగించుట, మొద్దువారిన సూదిని సానబట్టుట, ఏడ్చు పసివానిని ఒడిసిపట్టి పొడుచుట దశాబ్దములపాటు తల్లులు చేసిన తపస్సు. వైద్యచరిత్రలు శాస్త్రజ్ఞుల పేళ్లను వ్రాసినంత శ్రద్ధతో వారి శ్రమను వ్రాయలేదు. 1936లో డెన్మార్కు వైద్యుడు హేగెడార్న్ ఇన్సులినుకు ప్రోటమీన్ చేర్చి, అది దేహమున మెల్లమెల్లగా ఇంకునట్లు చేసినందున పోట్లు తగ్గెను. కాని ఆరోగ్యవంతుని క్లోమము రేయింబవళ్లు కొంచెము కొంచెముగా ఇన్సులిను స్రవించుచు, భోజనవేళ విరివిగా విడుచును. దినమునకు ఒకటి రెండు సూదులు ఆ క్రమమును అనుకరింపజాలవు.

ఈ లోపమును తీర్చవలెనను తలంపే పంపునకు మూలము. 1960ల తొలినాళ్లలో లాస్ ఏంజెలెస్ వైద్యుడు కాడిష్ నిర్మించిన యంత్రము వీపున మోయవలసినంత పెద్దది. 1978లో లండన్ గైస్ ఆసుపత్రికి చెందిన పికప్, కీన్ మొదలగువారు, చర్మము క్రిందికి సన్నని గొట్టముద్వారా ఎడతెగక ఇన్సులినును ఎక్కించు చిన్న యంత్రమును గూర్చి ప్రకటించిరి. రక్తపుచుక్కతో ఇంటివద్దనే చక్కెరను కొలుచుకొను సాధనములు ఆ కాలముననే వ్యాపింపకున్నచో, దాని మోతాదును దిద్దుకొనుట రోగికి సాధ్యమయ్యెడిది కాదు.

1993లో ఫలితములు వెలువడిన, మధుమేహచికిత్సను గూర్చిన అమెరికా, కెనడాల మహాపరీక్షలో 1,441 మంది పాల్గొనిరి. అందు కట్టుదిట్టమైన చికిత్స పొందినవారిలో కొందరు పంపును ధరించిరి, కొందరు దినమునకు మూడు లేక అంతకు మించిన సూదులు పొడుచుకొనిరి. ఆ చికిత్సవలన, అంతకుముందు నేత్రవ్యాధి లేనివారికి అది సోకు అవకాశము 76 శాతము తగ్గెను; చక్కెర మితిమీరి పడిపోవు ప్రమాదము మాత్రము సుమారు మూడింతలయ్యెను. ఆ విజయమును యంత్రమునకంటె, పలుమార్లు కొలిచి, తినుదానికి తగినట్లు మోతాదును సవరించుకొనిన రోగుల జాగరూకతకే ఆపాదింపవలెనని నా నిశ్చయము.

పంపు పోట్లను తగ్గించును, రోగి నిద్రించు వేళ సైతము మోతాదును మార్చగలదు. ఇవి అల్పలాభములు కావు. అయినను నేడు అందు నింపునది త్వరగా పనిచేసి త్వరగా తీరిపోవు ఇన్సులిను మాత్రమే గావున, గొట్టము మూసికొనిపోయినచో కొన్ని గంటలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. పంపు ధరించువారందరును సూదిని, ఇన్సులిను బుడ్డిని ఎల్లవేళల వెంట నుంచుకొనవలయును.