కొల్లేటి లంకల్లో బాతుల మందలు, జోనంగి జాగిలాలు

జోనంగి కృష్ణా, గోదావరి డెల్టాల నాటు జాగిలం. కొల్లేటి చుట్టుపక్కల బాతులు పెంచినవాళ్ళు మందను తోలడానికీ కాయడానికీ ఒకప్పుడు దీన్నే నమ్ముకున్నారు. గొర్రెలను మళ్ళించే కుక్కలు దేశంలో చాలా చోట్ల ఉన్నాయి. నీళ్ళలో, బురదలో, వరికొయ్యల్లో బాతులను మళ్ళించే కుక్క మాత్రం అరుదు. ఈ ప్రాంతంలో అలాంటి కుక్క ఎందుకు అవసరమైందో తెలియాలంటే ముందు కొల్లేటి నీటి తీరు తెలియాలి.

కొల్లేరు రెండు డెల్టాల మధ్యనున్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, వాటితోపాటు డెల్టా మురుగుకాలవలు నీళ్ళు తెచ్చి ఇందులో పోస్తాయి. ఆ నీటిని సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు. వానాకాలంలో సరస్సు పొంగి లంక గ్రామాలను చుట్టుముడుతుంది, వేసవిలో కుంచించుకుపోయి ఒండ్రునేలను బయటపెడుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక చుట్టూ కాలవల కింద వరి విస్తరించింది. ఒకవైపు లోతులేని నీళ్ళు, మరోవైపు కోత కోసిన చేలు. బాతుకు ఇంతకన్నా మంచి మేత దొరికే చోటు లేదు.

లంకల్లో ఇల్లు మెరక మీద ఉంటుంది. ఇంటికి దగ్గరలో రేవు, రేవులో తాటిదోనె, పెరటివైపు బాతుల దొడ్డి. తాటాకు పాక వేసి, చుట్టూ వెదురు తడికెలో పాత వలలో కడితే దొడ్డి సిద్ధమైనట్టే. బాతు నీటిపక్షే అయినా రాత్రి పడుకునే నేల తడిగా ఉంటే జబ్బు పడుతుంది. అందుకే దొడ్డిలో వరిగడ్డి గానీ ఊక గానీ పరిచి, తడిసినప్పుడల్లా మారుస్తారు. కుక్కకు వేరే గూడు అక్కర్లేదు. జోనంగి గట్టు మట్టిలో తనే గుంట తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకుంటుంది. నేలను తవ్వి చల్లటి చోటు చూసుకోవడం ఈ జాతికి బాగా పేరు తెచ్చిన గుణం.

పెట్టబాతులు ఎక్కువగా తెల్లవారుజామున, ప్రొద్దెక్కేలోపే గుడ్లు పెడతాయి. అందుచేత దొడ్డి తలుపు పొద్దున్నే తీయరు. తొందరపడి వదిలితే గుడ్లు నీళ్ళలోనో గడ్డిలోనో పడి దక్కకుండా పోతాయి. గడ్డిలో వెతికి గుడ్లు ఏరడం, మట్టి తుడిచి బుట్టల్లో పేర్చడం ఇంటి ఆడవాళ్ళ చేతుల మీదుగా జరిగే పని. ఆ తరువాతే మంద బయటికి కదులుతుంది.

ఏడాది పొడుగునా మేత ఒక్కచోట దొరకదు. సార్వా కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలు, నత్తలు, పురుగులు మందకు కడుపు నింపుతాయి. దాళ్వా పంట కోశాక మళ్ళీ అదే మేత. చేను గల రైతుకూ ఇది లాభమే. నత్తలు తగ్గుతాయి, బాతు రెట్ట పొలానికి ఎరువవుతుంది. ఎండలు ముదిరాక మందను సరస్సు అంచులకు, మడుగులకు తోలుతారు. వానలు ముమ్మరించి సరస్సు నిండితే గట్ల వెంట, ఇంటి చుట్టూ మేపుకోవలసిందే. అప్పుడు తవుడు, నూకలు చేతి నుంచి పెట్టుకోవాలి. బూజు పట్టిన దాణా బాతుకు విషం. వేరుశెనగ చెక్క తడిసి బూజు పట్టిందంటే అది మందకు పెట్టకుండా పారబోయాలి.

నాటుబాతు సాధారణంగా తన గుడ్లను తాను నిలకడగా పొదగదు. అందుకని వాటిని కోడిపెట్ట కింద పెట్టే పద్ధతి పల్లెల్లో ఉంది. కోడిగుడ్డు 21 రోజులకు పిల్ల అయితే, బాతుగుడ్డుకు 28 రోజులు కావాలి. పొదిగిన కోడి పిల్లలను వెంటేసుకుని తిరుగుతుంది గానీ నీళ్ళలోకి దిగలేదు. నీళ్ళలో పిల్లల కాపలా మనిషిదీ కుక్కదీ అవుతుంది.

మంద కదిలేటప్పుడు కాపరి చేతిలో పొడవాటి వెదురు గెడ ఉంటుంది. బాతులు ఒకదాని వెంట ఒకటి గుంపుగా పోయే జీవులు, కానీ బెదిరితే నాలుగు వైపులా చెదురుతాయి. కోయని చేలోకి దూరితే పంట నష్టం, తగాదా. మురుగుకాలవలోకి దిగితే తిరిగి గట్టెక్కించడం కష్టం. కాపరి ఒక పక్క నడుస్తుంటే కుక్క రెండో పక్క, వెనకా ఉండి తప్పిపోయినవాటిని గుంపులో కలుపుతుంది. మీద పడకుండా, కరవకుండా, కేవలం తన ఉనికితో కదిలించాలి. ఇందుకు జోనంగి శరీరం, గుణం రెండూ అనువుగా ఉంటాయి. చాలా పొట్టి వెంట్రుకలు కాబట్టి ఒంటికి బురద పట్టుకోదు, తడి తొందరగా ఆరుతుంది. సన్నని ఒళ్ళు, పొడుగు కాళ్ళు, ముడతలు పడిన నుదురు దీని ఆనవాళ్ళు. మిగతా కుక్కల్లా అదేపనిగా మొరగదు, వింతగా సాగదీసిన గొంతుతో కూస్తుంది. అరుపులకు బెదిరే బాతుల మధ్య ఈ మౌనం ఎంతో మేలు.

రాత్రి కాపలా వేరే రకం పని. నక్క, బావురుపిల్లి దొడ్డి చుట్టూ తిరుగుతాయి. ఒక నక్క లోపలికి దూరితే తినేదానికన్నా చంపేదే ఎక్కువ. జోనంగి ఒక మనిషికో ఒక కుటుంబానికో గట్టిగా అతుక్కుపోయే జాతి, పరాయివాళ్ళను దగ్గరికి రానివ్వదు. చిన్న జంతువులను వేటాడే నేర్పు కూడా దానికి ఉంది. అదే వేటగుణం బాతుల మీదికి మళ్ళకుండా చూడడం పెంపకంలో అసలు కిటుకు. కూనను చిన్ననాటి నుంచే బాతుపిల్లల మధ్య తిరగనిచ్చి, వాటిని ఇంటివాటిగా ఎరిగేలా చేయాలి.

ఈ బతుకుతెరువు 1970ల రెండో సగం నుంచి మారడం మొదలైంది. సరస్సులో సహకార సంఘాల చేపల చెరువులకు ప్రభుత్వమే ప్రోత్సాహమిచ్చింది. తరువాత ప్రైవేటు చెరువులు, రొయ్యల చెరువులు పెరిగాయి. వరిచేలు, మేతబీళ్ళు శీలావతి, బొచ్చె పెంచే చెరువులయ్యాయి. మిగిలిన వరిలో పురుగుమందుల వాడకం పెరిగి, కోసిన చేలో మందను నిర్భయంగా వదిలే రోజులు పోయాయి. కొల్లేటిని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువుగట్లను పెద్ద ఎత్తున తెగగొట్టారు. అయినా చుట్టుపక్కల చేపల సాగే ప్రధాన జీవనాధారంగా నిలిచింది. బాతుల పెంపకం పాత స్థాయికి రాలేదు.

మంద తగ్గాక జోనంగికి పని తగ్గింది. చెరువుగట్టు మీద బాతులను మళ్ళించే నేర్పుతో అవసరం లేదు. పని లేని కుక్కను పోషించే ఇల్లు తక్కువ. వదిలేసినవి ఊరకుక్కలతో కలిసిపోయి, జాతి లక్షణాలు పలచబడ్డాయి. అచ్చమైన జోనంగులు ఇప్పుడు అరుదు. కొంతమంది అభిమానులు వాటిని వెతికి, జతకట్టించి, కూనలను తెలిసినవాళ్ళ ఇళ్ళకు ఇస్తున్నారు. ఈ ప్రయత్నం విలువైనదే, కానీ ఒంటి రంగు, నుదుటి ముడతలు మాత్రమే చూసి ఎంపిక చేస్తే సగం వారసత్వమే దక్కుతుంది. మందను చెదరనివ్వకుండా తోలే నేర్పు తరం నుంచి తరానికి అందాలంటే, కుక్క బాతుల మధ్యే పెరగాలి. డెల్టాలో ఇప్పటికీ బాతులు పెంచుతున్న ఇళ్ళకు ఈ కూనలు చేరితే జాతీ, దాని పనీ రెండూ మిగులుతాయి.